పెరుగులో పళ్లు

తెలుగువారి భోజనంలో పెరుగుకు రాజ్యాంగ హోదా ఉంది. పప్పు మారవచ్చు, కూర మారవచ్చు, చారు కూర్చోవలసిన చోట సాంబారు వచ్చి కూర్చోవచ్చు. వీటన్నిటినీ మనం మంత్రివర్గ మార్పుల్లా ఓర్చుకున్నాం. పెరుగు మాత్రం ఆఖరున వస్తుంది, ఒంటరిగా వస్తుంది, దాని తరవాత ఇక ఎవరూ రారు. పెళ్లి పంక్తిలో పెరుగు బకెట్టు కనిపించిందంటే విస్తరి మడిచే వేళ అయిందని పసిపిల్లలకు కూడా తెలుసు. మన కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డ తరవాతి పంక్తివారికి ఇంకా బాగా తెలుసు.

అటువంటి పెరుగు ఈ మధ్య భోజనం మొదట్లోనే, చిన్న గిన్నెలో, పళ్ల ముక్కలతో సహా ప్రత్యక్షమవుతోంది. మంగళం పాడవలసినవాడు నాందికే వచ్చి వేదిక మీద కూర్చుంటే ఇక నాటకం ఎలా నడుస్తుంది? ఇంత జరుగుతున్నా బాధ్యత గల పౌరులెవరూ నోరు విప్పడం లేదు. విప్పినవారు కూడా తినడానికే విప్పుతున్నారు.

మా ఇంట్లో మొదటి ఉల్లంఘన సంక్రాంతి సెలవుల్లో జరిగింది. పుణేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చి, "తాతయ్యా, పెరుగులో పళ్లు వేశాను, రుచి చూద్దురు రండి" అంది. మా నాన్నగారికి 83 ఏళ్లు. ఆయన కంగారుగా లేచి, గూట్లో ఉన్న గాజుగ్లాసు దగ్గరికి వెళ్లి, అందులోని నీళ్లలో రెండు వరసలూ భద్రంగా ఉన్నాయని చూసుకుని, "నావి కావు" అని తేల్చుకున్నాకే భోజనానికి కూర్చున్నారు.

గిన్నెలో గడ్డపెరుగు. అందులో దానిమ్మ గింజలు, యాపిల్ ముక్కలు, నిలువునా చీల్చిన నల్ల ద్రాక్ష. పైన వేయించిన జీలకర్ర పొడి.

"దీన్నేమంటారమ్మా?"

"రైతా, తాతయ్యా."

"రైతు తెలుసు. రైతుబజారు తెలుసు. ఈ రైతా ఎవరు?"

ఉత్తరాదిలో ఆవాలను 'రాయి' అంటారని, ఆవ పెట్టిన పెరుగు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారని అమ్మాయి వివరించింది. నాన్నగారు శ్రద్ధగా విన్నారు. "అంటే పెరుగులో పళ్లూ వేశారు, రాళ్లూ వేశారు. ఇక నాకు మింగడానికి మిగిలిందేమిటి?" అని గిన్నె పక్కకు జరిపారు.

ఈ విషయంలో ఆవేశం పనికిరాదు, చట్టం చూడాలి. మనకు పెరుగు పచ్చడి కొత్త కాదు. దోసకాయ పెరుగు పచ్చడి ఉంది, సొరకాయది ఉంది, వంకాయ కాల్చి చేసేది ఉంది, బెండకాయ వేయించి కలిపేది ఉంది, మామిడికాయ కోరుతో చేసి ఇంగువ పోపు పెట్టేది ఉంది. వృక్షశాస్త్రం చదివినవారిని అడిగి చూడండి. పువ్వులోంచి పుట్టి, కడుపులో గింజలు దాచుకున్నది ఏదైనా పండే అంటారు. దోస, సొర, వంగ, బెండ, అన్నీ పళ్లే. ఆ లెక్కన మన అమ్మమ్మలూ నాయనమ్మలూ తరతరాలుగా చేసింది పళ్ల రైతాయే. అరటిదూట పెరుగు పచ్చడి ఒక్కటే ఆ కేసులో నిర్దోషిగా బయటపడుతుంది.

అదృష్టవశాత్తు మనం తెలుగులో వండుకుంటాం, వృక్షశాస్త్రంలో కాదు. ఇటువంటి ఇరకాటం వస్తుందని ఊహించే కాబోలు, మన పెద్దలు 'కాయ' అనే మాటను సిద్ధం చేసి పెట్టారు. కాయకు పెరుగులోకి ప్రవేశం ఉంది, పండుకు లేదు. మామిడి పుల్లగా, పలకరిస్తే పళ్లు పులిసేలా ఉన్నంతకాలం పచ్చడిలో దానికి పీట వేస్తాం. నాలుగు రోజులు గడ్డిలో పడుకుని, మెత్తబడి, తియ్యబడి, మంచితనం నేర్చుకుని వచ్చిందా, గడప దగ్గరే ఆపేస్తాం. (మా ఆఫీసులో కూడా పండిన వారిని ఇలాగే పక్కన పెడతారు. అది వేరే వ్యాసం.) ఉల్లిపాయ సంగతి ఇక్కడ ఎత్తవద్దు. హైదరాబాదులో బిర్యానీ పక్కన ఉల్లిపాయలతో వచ్చే పెరుగును అక్కడివారు 'దహీ కీ చట్నీ' అంటారు. ఉల్లి తల్లికన్నా మిన్న అని మనం ఏనాడో తీర్మానించుకున్నాం కనుక దాని రాకను ఎవరూ ప్రశ్నించలేదు.

చట్టానికి చిన్న మినహాయింపు ఉంది. అది ఏప్రిల్ నుంచి జూన్ దాకా అమల్లో ఉంటుంది. ఆ మూడు నెలలు మా నాన్నగారి రాత్రి భోజనం చూడాలి. అన్నంలో గడ్డపెరుగు వేసి మెత్తగా కలుపుతారు. మధ్యలో గుంట చేస్తారు. నూజివీడు నుంచి వచ్చిన చిన్నరసాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, పసిబిడ్డకు నలుగు పెట్టినంత మెల్లగా మర్దన చేస్తారు. ముచ్చిక తీసేసి, మొదటి బొట్టు జీడి పక్కకు పిండేసి, మిగిలిందంతా ఆ గుంటలోకి వదులుతారు. టెంక మీద పీచు తెల్లబడేదాకా చీకుతారు. మోచేతి దాకా పసుప్పచ్చని కాలువ. ఆ పది నిమిషాలు ఇంట్లో ఎవరి కష్టసుఖాలూ ఆయన చెవికెక్కవు. రసాలు దొరకని నాడు బంగినపల్లి ముక్కలతో సర్దుకుంటారు. అదీ లేని కాలంలో చక్కెరకేళి.

"నాన్నగారూ, ఇది పెరుగు, అది పండు. రెండూ కలిశాయి కదా?" అని ఒకనాడు సాహసించి అడిగాను.

"మధ్యలో అన్నం ఉంది కదరా" అన్నారు.

ఇంతకన్నా స్పష్టమైన తీర్పు నేను ఏ న్యాయస్థానంలోనూ వినలేదు. పెరుగు, పండు నేరుగా కలవకూడదు, మధ్యలో అన్నం పెద్దమనిషిగా ఉండాలి. పెళ్లిభోజనాల్లో దద్దోజనం మీద దానిమ్మ గింజలు చల్లితే మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండకపోవడానికి కారణం ఇదే. అవే గింజలు, అదే పెరుగు, అన్నం లేకుండా గిన్నెలో ఎదురుపడితే మాత్రం సంప్రదాయం మంటగలిసిపోతుంది.

మా ఎదురింటి బాబాయిగారు ఈ వివాదంలో ఆయుర్వేదం తరఫున హాజరయ్యారు. అరటిపండును పెరుగుతో గానీ మజ్జిగతో గానీ తినడం విరుద్ధాహారమని అష్టాంగహృదయంలో ఉందని ఆయన వాదన. నిజమే, ఉంది. రాత్రిపూట పెరుగు తినకూడదని చరక సంహితలో కూడా ఉంది. ఆ మాట గుర్తు చేయగానే బాబాయిగారు సర్దుకున్నారు. రోజూ రాత్రి గిన్నెడు పెరుగు వేసుకోనిదే ఆయనకు నిద్ర పట్టదు. చరకుడు మహానుభావుడే కానీ ఆయనకు మన మిరపకాయ తెలియదు, గోంగూర పచ్చడి తిన్న మనిషికి రాత్రి పెరుగు ఎంత అవసరమో ఆయన ఎలా ఊహించగలడు అని ప్రశ్నించి, ఆ ఒక్క శ్లోకానికి మన జిల్లాల్లో అమలు లేదని తేల్చారు. అరటిపండు శ్లోకం మాత్రం యథాతథంగా అమల్లో ఉందట.

ఇక అసలు సమస్యకు వస్తాను. రైతా ఉత్తరాది నుంచి వచ్చిందని అందరూ అంటున్నారు. నా పరిశీలనలో అది పరామర్శల నుంచి వచ్చింది. మన సమాజంలో పండు తినే వస్తువు కాదు, ఇచ్చే వస్తువు. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఆరు యాపిళ్లు, ఆరు బత్తాయిలు. కాస్త పెద్ద ఆస్పత్రి అయితే దానిమ్మలు. జబ్బు మనిషి వాటిని తినడు, నోరు సహించదు. చూడవచ్చినవారు తినరు, మర్యాద కాదు. కొన్ని యాపిళ్లు ఆ ఇంటి నుంచి ఇంకో పరామర్శకు ప్రయాణం కట్టి, మరో రెండిళ్లు తిరిగి, ముఖాన ముడతలతో కొన్నవారింటికే చేరుకుంటాయి. శ్రావణమాసం వస్తే ఇంకొక ప్రవాహం. వరలక్ష్మీ వ్రతం నాడు మా శ్రీమతి పదకొండు ఇళ్లకు పేరంటానికి వెళ్లి పదకొండు తాంబూలాలు తెచ్చింది. తాంబూలానికి రెండు చొప్పున 22 అరటిపళ్లు. శనగలు గుగ్గిళ్లయ్యాయి, రవికగుడ్డలు బీరువాలోకి వెళ్లాయి. అరటిపళ్లు బల్ల మీద నల్లబడుతూ ఇంటిల్లిపాదినీ నిందాపూర్వకంగా చూడటం మొదలుపెట్టాయి.

దేవుడి ప్రసాదం, పారేయలేం. పదకొండిళ్లవాళ్లూ అరటిపళ్లతో సతమతమవుతున్నవారే, ఎవరికీ ఇవ్వలేం. ఈ స్థితిలో గుజరాతీలు చేసేది మన అవసరానికి బాగా సరిపోతుంది: చిలికిన చిక్కటి పెరుగులో ఆవపొడి, పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు పంచదార వేసి, తినబోయే ముందు అరటిపండు చక్రాలు కలపడం. ఆవ ఘాటు ముక్కుకు ఎక్కేసరికి పండు ఎన్నో రోజుదో ఎవరికీ గుర్తుండదు. పాపాలన్నీ గంగలో కలిసినట్టు పరామర్శలన్నీ పెరుగులో కలుస్తాయని అప్పుడే నాకు బోధపడింది.

బోధపడింది కనుక ఊరుకోవచ్చు కదా. ఉగాది ముందర ఒక ఆదివారం, మా అమ్మాయికి దీటుగా, స్వయంగా నేనే పైనాపిల్ రైతా చేశాను. కళ్లు తీసి, ముక్కలు కోసి, గడ్డపెరుగులో కలిపి, పంచదార, ఉప్పు, మిరియాల పొడి వేసి, చల్లబడితే బాగుంటుందని ఉదయం 8 గంటలకే ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం మూత తీస్తే గిన్నెలో చెరువు. పైన పలచటి నీళ్లు, అడుగున పెరుగు అనదగినదేదో, మధ్యలో ఈదుతున్న ముక్కలు. నాన్నగారు నా ముఖం చూసి జాలిపడి రెండు చెంచాలు తిన్నారు. చేదు. మామూలు చేదు కాదు, కాకరకాయ పక్కన కూర్చుని తలవంచుకునే చేదు.

"పెరుగుట విరుగుట కొరకేరా" అన్నారాయన.

వంటింట్లో విచారణ జరిగింది. పాల ప్యాకెట్టును అనుమానించాం, తోడును అనుమానించాం, స్టీలు గిన్నెను అరగంట ప్రశ్నించాం. చివరికి పుణే నుంచి ఫోనులో మా అమ్మాయి దోషిని పట్టించింది. పచ్చి పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తులను తెగ్గొట్టడం దాని వృత్తి. పెరుగంటే పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని పేరుకున్న ఉమ్మడి కుటుంబం. బ్రొమెలైన్ అందులో దూరి ఆస్తి పంపకాలు మొదలుపెడుతుంది. పంపకాల తరవాత మిగిలే తునకలే ఆ చేదు. కివీపండుదీ అదే బుద్ధి. వేడి తగిలితే మాత్రం దాని ఆట కడుతుంది. అందుకే ముక్కలను చెంచాడు పంచదారతో కాసేపు ఉడికించి, చల్లార్చి, అప్పుడు పెరుగులో వెయ్యాలి. డబ్బా పైనాపిల్ ముందే వేడిచూసి వచ్చింది కనుక దానితో ఈ గొడవ లేదు.

కేరళవారు ఓణం విందులో వడ్డించే పైనాపిల్ మధుర పచ్చడి గుట్టు ఇదే. ముక్కలను పసుపు, ఉప్పుతో ఉడికిస్తారు. కొబ్బరి, పచ్చిమిర్చి, ఆవాలు నూరిన ముద్ద కలుపుతారు. దించాకే చిలికిన పెరుగు పోస్తారు. బ్రొమెలైన్ పేరు తెలియకముందే వారి అమ్మమ్మలు దాన్ని కట్టడి చేశారు. ఆవ నూరడం మనకూ వచ్చు, పెరుగూ మనదే, పేరు కూడా పచ్చడే. అయినా మనం మాత్రం ఇంకా పండుకు ప్రవేశం ఉందా లేదా అనే దగ్గరే ఉన్నాం.

నీళ్ల సంగతికి బ్రొమెలైన్ ఒక్కదాన్నే నిందించలేను, అందులో నా ఉప్పు కూడా ముద్దాయే. ఉప్పు తగిలితే కోసిన ముక్క ఊరుకోదు, ఉన్న నీళ్లన్నీ కక్కేస్తుంది. కాబట్టి గిన్నె భోజనాల బల్ల ఎక్కాకే ఉప్పు. ఈ బెడద లేనిది దానిమ్మ గింజ ఒక్కటే. తన నీళ్లు తన తొడుగులోనే దాచుకుంటుంది, పంటి కింద పడేదాకా గుట్టు విప్పదు. సంసారపక్షంగా ఉండే పండు. యాపిల్ కోసిన వెంటనే పెరుగులో ముంచకపోతే గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి అలుగుతుంది. పుచ్చకాయను రైతాలో వేసేవారితో నాకు మాటలు లేవు. నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లున్నదాన్ని పెరుగులో వేస్తే అది మజ్జిగే, రైతా కాదు.

ఆ రెండు చెంచాల ప్రభావం మాత్రం అంతటితో పోలేదు. ఆ సాయంత్రం మా మేనత్త యోగక్షేమాలు అడగడానికి ఫోను చేసింది. "ఏం క్షేమమే, మధ్యాహ్నం నుంచి నోరంతా చేదు" అన్నారు నాన్నగారు. కారణం చెప్పలేదు, నా పరువు కాపాడదామనే అనుకుంటాను. ఆ వయసులో నోరు చేదంటే జ్వరమేనని మేనత్త నిశ్చయించింది. రాత్రికల్లా కబురు రెండు జిల్లాలు దాటింది.

మర్నాడు ఉదయం పది గంటల లోపే మూడు కుటుంబాలు వచ్చి చూసి వెళ్లాయి. నాన్నగారు పడకకుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి సంచినీ మౌనంగా లెక్కపెట్టారు. 12 యాపిళ్లు, 18 బత్తాయిలు, అరడజను దానిమ్మలు, ఎవరో దూరపు చుట్టం ప్రత్యేకంగా వెతికి తెచ్చిన పైనాపిల్ ఒకటి. ఆఖరి అతిథి మెట్లు దిగాక ఆయన వంటింటి వైపు తిరిగి మా శ్రీమతిని పిలిచారు.

"అమ్మాయ్, ఈ రాత్రికి పాలు తోడు పెట్టకు."