ఆటగాడికి బండి మీద ఏమీ కాదా? ఆ మెసేజ్‌కు నా జవాబు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కబడ్డీ, వాలీబాల్, వెయిట్ లిఫ్టింగ్ ఆడే కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ సంక్రాంతి పోటీల నాటి నుంచి తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: ఆటగాళ్ళను బండి పేరు చెప్పి భయపెట్టకండి. ఆటగాడికి ఉన్న చురుకు మామూలు మనిషికి ఉండదు, ప్రమాదం వస్తే తప్పించుకోగలడు. పడినా కండబలం ఎముకను కాపాడుతుంది. ధోనీ ఇన్నేళ్ళు బండ్లు నడిపాడు, ఏమైంది? అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే రోత్లిస్‌బర్గర్ హెల్మెట్ లేకుండా పడి కూడా మళ్ళీ కప్పు కొట్టాడు. పంత్‌కు దెబ్బ తగిలింది కారులో, బండి మీద కాదు. విదేశాల్లో క్లబ్బులు బండి వద్దనేది వాళ్ళ డబ్బు కోసం. ఊరికీ ఊరికీ మధ్య నెమ్మదిగా పోయేవాడికి అసలు భయమే లేదు.

నేను పిల్లలకు ఆట నేర్పే మనిషిని. ఇది నాకు పంపినవాళ్ళలో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

బండి లేకపోతే మన పల్లెల్లో ఆట సాగదు, ఆ సంగతి నాకు తెలుసు. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆ వేళకు చాలా ఊళ్ళకు బస్సుండదు. కాబట్టి బండి ఎక్కొద్దని నేను అనడం లేదు. ఆటగాడివి గనక నీకేమీ కాదు అన్న మాట అబద్ధం అంటున్నాను.

మొదట చురుకు సంగతి. మెసేజ్ మొత్తం దీని మీదే నిలబడింది, వినడానికి నిజంలాగే ఉంటుంది. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకను లోపే బ్యాట్స్‌మన్‌ను చేరుతుంది. అంత తక్కువ సమయంలో ఆడగలుగుతున్నాడంటే వాడి కన్ను, చెయ్యి మనకంటే వేగం అనుకుంటాం. నిజానికి వాడు బంతి వచ్చాక చూసి ఆడడు. బౌలర్ పరుగులో, భుజంలో, మణికట్టులో బంతి ఎక్కడ పడుతుందో ముందే చదువుతాడు. వేల బంతులు ఆడితే వచ్చిన చదువు అది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఎదుటివాడి పాదం ఏ వైపు బరువు తీసుకుంటుందో చూసి, పట్టు పడకముందే పక్కకు జరుగుతాడు. ఆ చదువు ఆ ఆటకే, ఆ గీతల లోపలే పనిచేస్తుంది. తుప్పల్లోంచి రోడ్డెక్కే గేదె భుజం చూసి ఏమీ చదవలేం. వెనక లైటు లేని ట్రాక్టర్ ఆగి ఉందో నడుస్తోందో వంద మీటర్ల దూరంలో ఏ చురుకైనవాడికీ తెలీదు.

పోనీ, నిజంగానే ఆటగాడు సెకనులో అయిదో వంతు ముందు స్పందిస్తాడనుకుందాం. లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. మామూలు మనిషి చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద వేలు వేసేసరికి సెకనున్నర పడుతుందనుకోండి. అప్పటికి 25 మీటర్లు పోయాడు. పొడి తారురోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 45. మన ఆటగాడు ఆ సెకనున్నరలో 0.2 సెకను మిగిల్చాడు. కానీ తన చురుకు మీద నమ్మకంతో 80లో వెళ్తున్నాడు. స్పందించేలోపు 29 మీటర్లు, బ్రేకు వేశాక 36 మీటర్లు, మొత్తం 65. చురుకైనవాడు 20 మీటర్లు దూరంగా ఆగాడు. వేగం పెరిగితే బ్రేకు వేశాక ఆగే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. చురుకు ఇచ్చేది మూడు నాలుగు మీటర్లు, ధీమా తినేసేది ఇరవై. నాగావళి, వంశధార రేవుల నుంచి వచ్చే ట్రాక్టర్లు మలుపుల్లో ఒలికించిన ఇసుక మీద ఈ లెక్క కూడా నిలవదు. అక్కడ బ్రేకు గట్టిగా పట్టిన మరుక్షణం చక్రం జారిపోతుంది. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయిధరమ్ తేజ్ బండి జారింది రోడ్డు మీది ఇసుక వల్లే. నెత్తిన హెల్మెట్ ఉంది కాబట్టి మనిషి దక్కాడు.

ఈ ధీమాను కొలిచినవాళ్ళు ఉన్నారు. 1974లో అమెరికాలో ఒక అధ్యయనం అచ్చయింది. లైసెన్సు ఉన్న కారు రేసు డ్రైవర్లనూ అదే వయసు మామూలు డ్రైవర్లనూ తీసుకుని, రోడ్డు మీద వాళ్ళ రికార్డులు పక్కపక్కన పెట్టి చూశారు. ప్రమాదాలూ, నిబంధనల ఉల్లంఘనలూ రేసు డ్రైవర్లకే ఎక్కువ తేలాయి. బండి నడపడంలో ఆరితేరినవాళ్ళ సంగతే ఇలా ఉంటే, కబడ్డీ చురుకు ఏపాటిది?

కండబలం ఎముకను కాపాడుతుందన్నది రెండో మాట. కండలు కాపాడేవి ఆటలో వచ్చే దెబ్బల నుంచి. గంటకు 60లో వెళ్తూ దేన్నైనా గుద్దుకోవడం 14 మీటర్ల ఎత్తునుంచి పడటంతో సమానం. అంటే నాలుగంతస్తుల మేడ. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, బరువును ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఆ 130 కిలోలను రెండు మీటర్లు పైకి లేపడానికి కావలసిన శక్తికి నాలుగింతలు, 60లో పోయే 75 కిలోల మనిషి ఒంట్లో ఉంటుంది. స్తంభాన్ని గుద్దితే అదంతా సెకనులో చిన్న ముక్క కాలంలో మోకాలి మీదో, తల మీదో దిగుతుంది. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడంతటి బలశాలికైనా ఎముక ఎముకే.

ఇంకో సంగతి ఈ మెసేజ్ రాసినవాడి ఊహకు అందలేదు. మామూలు మనిషికి చిన్నదైన గాయం ఆటగాడికి ఆట ముగింపు. బండి మీంచి పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపుతారు. అప్పుడు మణికట్టులో బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లుతుంది. దానికి రక్తం ఒక చివరనుంచే ఎక్కువగా అందుతుంది, అందుకే విరిగిన రెండో ముక్క అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు. మొదటి ఎక్స్‌రేలో కనబడకుండా పోవడం కూడా ఉంది. బెణికిందిలే అని నూనె రాసుకుని, మూడు నెలలకు నా దగ్గరకొచ్చినవాళ్ళున్నారు. గుమస్తాకు ఆ చెయ్యి చాలు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో స్నాచ్, అంటే బరువును ఒకే ఊపులో తల పైకి ఎత్తడం, నేర్చుకునే అమ్మాయికి చాలదు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. తల మీద బరువు ఆపేటప్పుడు మణికట్టు వెనక్కి వంగాలి. అతుక్కోని ఎముకతో ఆ వంపు కుదరదు. అమెరికా బేస్‌బాల్‌లో ఫెర్నాండో టటీస్ జూనియర్‌కు విరిగింది ఇదే ఎముక. 2021లో 14 ఏళ్ళ పాటు ఆడేందుకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ తర్వాత బండి ప్రమాదం, 2022 మార్చిలో శస్త్రచికిత్స, నెలల తరబడి ఆటకు దూరం.

బండి మీంచి పడ్డాక బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందన్నా పది పదిహేను రోజులకు మళ్ళీ తీయించండి.

ధోనీ మాట. ఒక్క మనిషికి ఏమీ కాలేదన్నది రుజువు కాదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మంది పైచిలుకు ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్ళు. వాళ్ళ పేర్లతో ఎవరూ మెసేజ్ పంపరు. క్రికెటరే కావాలంటే, 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ బండి ప్రమాదంలో పోయిన అజహరుద్దీన్ కొడుకు కూడా క్రికెట్ ఆడే కుర్రాడే. 19 ఏళ్ళు. ఆ ఇంటి బాధ గుర్తున్నవాడెవడూ ధోనీని అడ్డం పెట్టుకుని ఈ వాదన చెయ్యడు.

రోత్లిస్‌బర్గర్ కథ సగమే చెప్పారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు అతను. 2006 ఫిబ్రవరిలో, 23 ఏళ్ళకే ఆ ఆటలో పెద్ద కప్పు సూపర్‌బౌల్ గెలిచాడు. జూన్‌లో హయబూసా బండి మీద వెళ్తుండగా ఎదురుగా వచ్చే కారు అతని దారికి అడ్డంగా మలుపు తిరిగింది. తప్పు కారుది. అయినా విరిగింది ఇతని దవడ, ముక్కు. హెల్మెట్ లేదు, ఎందుకంటే పెన్సిల్వేనియాలో 2003లో ఆ నిబంధన సడలించారు. కోచ్ అంతకు ఏడాది ముందే హెచ్చరించాడు కూడా. ఆ సీజన్లో 23 సార్లు బంతిని ఎదుటి జట్టు చేతికి విసిరాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. గెలిచిన జట్టు మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌కే చేరలేదు. 2009లో మళ్ళీ గెలిచాడు, నిజమే. అది అదృష్టం.

అదృష్టం లేనివాడి పేరు జే విలియమ్స్. 2002లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఎంపికల్లో రెండో స్థానంలో చికాగో బుల్స్ జట్టు తీసుకున్న కుర్రాడు. 2003 జూన్ 19న హెల్మెట్ లేకుండా యమహా మీద వెళ్ళి దీపస్తంభాన్ని గుద్దాడు. కటి ఎముక విరిగింది, మోకాలి స్నాయువులు తెగాయి, కాలి ప్రధాన నరం తెగింది. మళ్ళీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఒప్పందంలో బండి నిషేధం ఉంది కాబట్టి క్లబ్బు ఒక్క డాలరూ ఇవ్వనక్కర్లేదు. అయినా 30 లక్షల డాలర్లు ఇచ్చి పంపింది.

డబ్బు కోసమే నిషేధం అన్న మాటకు ఇక్కడే జవాబుంది. అవును, డబ్బు కోసమే. ఎన్‌బీఏ ఆటగాళ్ళ ఒప్పందంలో బండి నడపడాన్నీ, వెనక కూర్చోవడాన్నీ కూడా విమానంలోంచి దూకే ఆటతో పాటు ఒకే వరుసలో రాశారు. కోట్లు పెట్టేవాడు రిస్కును మనకంటే జాగ్రత్తగా లెక్క కడతాడు. మన కుర్రాళ్ళకు అలాంటి ఒప్పందం లేదు, అంటే వాళ్ళు పడితే ఇచ్చేవాడూ లేడు. రైల్వే, పోలీసు, ఆర్మీ స్పోర్ట్స్ కోటాకు వయసు పరిమితి ఉంది. మోకాలి ఏసీఎల్ స్నాయువు ఆపరేషన్ అయితే మళ్ళీ ఆడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. ఆ ఏడాదిలో ట్రయల్స్ అయిపోతాయి.

పంత్ విషయంలో రెండే మాటలు. 2022 డిసెంబర్ 30న రూర్కీ దగ్గర డివైడర్‌ను గుద్దిన కారు తగలబడిపోయింది. లోపలి మనిషి ప్రాణాలతో బయటపడ్డాడంటే ఆ దెబ్బలో చాలా భాగం కారు తిన్నది కాబట్టే. బండికి అలా నలిగే ఒళ్ళు లేదు, నీ ఒళ్ళే ఉంది. పంత్ తిరిగి ఆడటానికి దాదాపు 15 నెలలు పట్టింది, అదీ ముంబయిలో ఆపరేషన్, బెంగుళూరు జాతీయ అకాడమీలో రోజువారీ చికిత్స, వెనక బీసీసీఐ ఉంటే. మన జిల్లా ఆటగాడికి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు కూలి మానుకుని తీసుకెళ్ళాలి.

ఇక ఊళ్ళ మధ్య నెమ్మదిగా వెళ్తే భయం లేదన్న మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆటగాడు కెలెన్ విన్‌స్లో జూనియర్ 2005 మే నెలలో పడింది హైవే మీద కాదు, పార్కింగ్ స్థలంలో. ఆ సీజన్ మొత్తం పోయింది. బేస్‌బాల్‌లో పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, మాడిసన్ బమ్‌గార్నర్ 2017 ఏప్రిల్‌లో సెలవు రోజున మట్టి దారిలో డర్ట్ బైక్ మీంచి పడ్డాడు. విసిరే భుజమే దెబ్బతిని మూడు నెలలు కూర్చున్నాడు.

మా దగ్గర కూతకు వెళ్ళే ఒక కుర్రాడు చీపురుపల్లి వైపు పోటీల నుంచి అర్ధరాత్రి తిరిగొస్తున్నాడు, బండి మీద ముగ్గురు. వెళ్ళేముందు "నాకేటవ్వదు మాస్టారూ, నెమ్మదిగానే ఎల్తాం" అన్నాడు. నెమ్మదిగానే వెళ్ళాడు. రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టి, బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు కదా. ధాన్యం ఎత్తేశారు, రాళ్ళు అక్కడే ఉన్నాయి. డిమ్ లైటులో రాయి కనబడలేదు. వెనక ఇద్దరి బరువూ మీద పడి మోకాలు పక్కకు తిరిగింది. మోకాలి బయటి వైపు, చర్మం కిందనే, ఎముక చుట్టూ తిరిగి వచ్చే నరం ఒకటుంటుంది. అది సాగిపోతే పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్ళు నేలను గీరుతాయి. ఆ కుర్రాడిప్పుడు కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు. కూర్చుని ఉన్నంతసేపూ ఏ లోటూ కనబడదు.

హెల్మెట్ పెట్టుకోమని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. హెల్మెట్ చావు ముప్పును దాదాపు 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గెడ్డం కింద పట్టీ బిగించాలి, వెనక కూర్చున్నవాడికీ ఉండాలి. మోకాలిని, మణికట్టును మాత్రం హెల్మెట్ కాపాడదు. వాటికి ముఖ్యమైన దారి: అలసిపోయి, చీకట్లో, ముగ్గురు ఎక్కకుండా ఉండటం.

ఇది కుర్రాళ్ళ ఒక్కళ్ళ చేతిలో లేదు. పండగ పోటీలు పెట్టే కమిటీలకు నా అడుగు: ఫైనల్ రాత్రి పన్నెండింటికి పెట్టకండి. పెట్టక తప్పకపోతే దూరం నుంచి వచ్చిన జట్లకు బడి గదులు తెరిపించి, చాపలు పరిచి, తెల్లారాక పంపండి. బహుమతి డబ్బులో కొంత తగ్గించి ఒక ఆటో మాట్లాడినా సరిపోతుంది. వచ్చే పండగకు మా జట్లను పంపే ముందు ఈ రెండూ అడుగుతాను. ఏర్పాటు లేదన్న చోటికి పంపను.