కొవ్వొత్తి ప్రయోగం మంచిదే, దాని కింద రాసిన వివరణే తప్పు

వేసవి సెలవులు మొదలవగానే ఒక మెసేజ్ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "పిల్లలతో ఇంట్లోనే చేయించగల సైన్స్ ప్రయోగాలు" అని ఒక జాబితా, ఒక్కోదాని కింద రెండు ముక్కల వివరణ. చివర్లో "అన్నీ ఇంట్లో దొరికేవే, ఏ ప్రమాదమూ లేదు, వివరణ పిల్లలకు చదివి వినిపించండి" అని సలహా. అది రకరకాల రూపాల్లో వస్తుంది కానీ, లోపలి సరుకు దాదాపు ఒకటే. ప్రయోగాల్లో చాలావరకు నాకూ ఇష్టమైనవే. వివరణలతోనే పేచీ. వాటిలో తప్పుందని పిల్లలు సొంతంగా పట్టుకోగలరు. మనం ముందే చదివి వినిపిస్తే ఆ అవకాశం పోతుంది.

"కొవ్వొత్తి ఆరాక గ్లాసులోకి ఐదో వంతు నీళ్లు ఎక్కుతాయి. గాలిలోని ఐదో వంతు ఆక్సిజన్ పూర్తిగా కాలిపోయిందనడానికి ఇదే రుజువు."

అందరూ ఎక్కువగా నమ్మేది దీన్నే. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తారు. మంట ఆరుతుంది, నీళ్లు లోపలికి ఎక్కుతాయి. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం కాబట్టి లెక్క కుదిరినట్టే అనిపిస్తుంది. కానీ ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా కొవ్వొత్తి వెలగదు. అది సుమారు 16 శాతానికి తగ్గేసరికే ఆరిపోతుంది. పైగా మైనం కాలినప్పుడు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. ఆవిరి చల్లబడి నీరైపోయినా, ఖర్చయిన ప్రతి 3 పాళ్ల ఆక్సిజన్‌కు దాదాపు 2 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ లోపలే ఉంటుంది. ఈ లెక్కన నిజంగా తగ్గే గాలి 2 శాతం కూడా ఉండదు.

నీళ్లు ఎక్కడానికి అసలు కారణం వేడి. గ్లాసు దించే సమయానికే మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. లోపల పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది.

దీన్ని నా మాట మీద నమ్మక్కర్లేదు. నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో పిల్లల్ని గమనించమనండి. ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే మంట వెలుగుతున్నంతసేపూ నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి. కానీ ఎక్కువ భాగం మంట ఆరాకే, ఒక్కసారిగా ఎక్కుతుంది. తర్వాత అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టించండి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే, కానీ నీళ్లు ఇంకా పైకి వస్తాయి. చివరగా కొవ్వొత్తే లేకుండా, గ్లాసును వేడినీళ్లతో కడిగి వెంటనే పళ్లెంలో బోర్లించండి. ఏమీ కాలకపోయినా నీళ్లు ఎక్కుతాయి. పెద్దవాళ్లు దగ్గరుండి చేయిస్తే, ఈ మూడూ కలిసి ఒక పూట పని.

గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉందని నిజంగా చూపించాలంటే తుప్పు మేలు. సన్నటి ఇనుప పీచును వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పిండి, పొడవాటి గ్లాసు అడుగున గట్టిగా ఇరికించి, నీళ్లున్న పళ్లెంలో బోర్లించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను తీసుకుంటుంది, బదులుగా ఏ వాయువునూ వదలదు. అందుకే నీళ్లు ఐదో వంతు దగ్గరికి వచ్చి ఆగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు వాడితే మాత్రం ఫలితం రాదు, అది తుప్పు పట్టదు.

"వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది. టార్చిని బంతికి దగ్గరగా జరిపి చూపించండి."

ఇది పూర్తిగా తప్పు. ఎండాకాలంలోనే పిల్లలకు దీన్ని నేర్పుతున్నామంటే నాకు బాధగా ఉంటుంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లలో. దూరమే కారణమైతే ఉత్తరార్ధగోళానికీ దక్షిణార్ధగోళానికీ ఒకేసారి వేసవి రావాలి కదా? భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం, దానివల్ల ఎండ కొన్ని నెలలు నిటారుగా, కొన్ని నెలలు ఏటవాలుగా పడటమే అసలు కారణం. టార్చిని కాగితం మీద నిటారుగా వేసి వెలుగు అంచు చుట్టూ పెన్సిల్‌తో గీయించండి. తర్వాత దూరం మార్చకుండా ఏటవాలుగా వేసి మళ్లీ గీయించండి. అదే వెలుగు ఎక్కువ చోటికి పరుచుకుని పలచబడుతుంది. సూర్యుడు ఆకాశంలో కిందుగా ఉండే నెలల్లో జరిగేది అదే.

"వంటసోడా, వెనిగర్ కలిపితే పొంగినట్టే అగ్నిపర్వతం పేలుతుంది."

పొంగు చూడటానికి సరదాగా ఉంటుంది, చేయించండి. అయితే అది ఆమ్లానికీ సోడాకూ మధ్య రసాయన చర్య. అగ్నిపర్వతంలో అలాంటిది జరగదు. కరిగిన రాయిలో ఇమిడి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటివి, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలుగా విడిపోతాయి. కుదిపిన సోడా సీసా మూత తీసినప్పుడు జరిగేది దీనికి చాలా దగ్గర.

"సింకులో నీళ్లు ఏ వైపు తిరిగితే ఆ అర్ధగోళంలో ఉన్నట్టు."

కాదు. భూమి తిరగడం వల్ల నీళ్లు ఒక వైపుకు తిరగడాన్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆషర్ షపీరో అనే శాస్త్రవేత్త 1962లో తొట్టిలో చూపించగలిగారు. కానీ దాదాపు 1.8 మీటర్ల వెడల్పు తొట్టిలో నీళ్లను 24 గంటలు కదలకుండా ఉంచాకే అది సాధ్యమైంది. సింకులో తిరిగే దిక్కు పాత్ర ఆకారాన్ని బట్టి, నీళ్లు పోసిన తీరును బట్టి ఉంటుంది. వేలితో ఎటు కాస్త తిప్పితే అటే తిరుగుతాయి.

"అన్నీ ఇంట్లో దొరికేవే, ఏ ప్రమాదమూ లేదు."

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఈ వాక్యం. కొన్ని మెసేజ్‌లలో టాయిలెట్ క్లీనర్, అల్యూమినియం ఫాయిల్ సీసాలో వేసి బెలూన్ ఊదే ప్రయోగం కూడా ఉంటుంది. ఆమ్లం ఉన్న క్లీనర్ వాడితే అక్కడ పుట్టేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. సీసా వేడెక్కి ఆమ్లం చిందుతుంది. అదే క్లీనర్ బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. దీన్ని జాగ్రత్తగా చేయించడం కాదు, అసలు చేయించకూడదు.

ఎక్స్‌రే ఫిల్మ్‌లోంచో నల్లకళ్లద్దాల్లోంచో సూర్యుణ్ణి చూపించమనే సలహా కూడా అంతే. చీకటిగా కనిపించినంత మాత్రాన కంటికి హాని చేసే కిరణాలు ఆగినట్టు కాదు. కంటి వెనక ఉండే పొర రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్నా పిల్లలకు అర్థం కాదు.

సూర్యుణ్ణి చూడాలంటే వీపు అటు తిప్పి నిలబడాలి. అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, భుజం మీదుగా ఎండ అందులోంచి పడేలా పట్టుకుని, సరిగ్గా మీటరు దూరంలో ఆ వెలుగుకు ఎదురుగా తెల్లకాగితం ఉంచితే 9 మిల్లీమీటర్లకు కాస్త పైగా ఉండే గుండ్రటి చుక్క పడుతుంది. అది సూర్యుడి ప్రతిబింబమే. చుక్క వెడల్పును మీటరుతో భాగించి, 15 కోట్ల కిలోమీటర్లతో గుణిస్తే సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లని పిల్లలే లెక్కకడతారు. చుక్క అంచు మసకగా ఉంటే రంధ్రం చిన్నది చేసి, కాగితాన్ని రెండు మీటర్ల దూరానికి జరిపి, ఈసారి రెండు మీటర్లతో భాగించి చూడాలి.