కాలెట్ నట్టు గారికి ఉద్వాసన లేఖ

మహారాజశ్రీ కాలెట్ నట్టు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను, కానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా కుడిచేతి కణుపుల మీద మూడుచోట్ల తోలు లేచిపోయింది. ముందే చెప్పేస్తున్నా, ఇది మీకు ఉద్వాసన లేఖ. రూటర్ అంటే వైఫై డబ్బా అనుకుని చదువుతున్నవాళ్లెవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు, ఇది చెక్క అంచులు చెక్కే రూటర్ గొడవ. అందులో చెక్కను కోసే ముక్క బిట్టు, ఆ బిట్టును గుప్పిట పట్టే చీలికల గొట్టం కాలెట్టు, ఆ కాలెట్టును బిగించే నట్టు మీరు.

మీ పట్టు మీద నాకే ఫిర్యాదూ లేదండీ. నిమిషానికి 20,000 సార్లు తిరిగే బిట్టును పట్టుకోవాలంటే ఉడుంపట్టే ఉండాలి, ఒప్పుకుంటాను. నా ఏడుపంతా ఆ పట్టు విడిపించడం గురించే. టేబుల్ కింద తలకిందులుగా వేలాడే మోటారు, దాని నెత్తిన మీరు, ప్లేటు కన్నంలోంచి చెయ్యి సగమే దూరుతుంది. స్పిండిల్‌కి (మోటారు తిప్పే ఇరుసుకి) ఒక పానా, మీకొక పానా, రెండింటినీ ఒకే గుప్పిట్లో పట్టి పిసకాలి. అంతసేపూ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్న మీరు ఉన్నట్టుండి టక్కుమని లొంగిపోతారు, పానాలు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, మధ్యలో నా వేలు అడకత్తెరలో పోకచెక్క.

హమ్మయ్య వదిలారు అనుకుని వేళ్లతో ఓ చుట్టు తిప్పి లాగితే బిట్టు రాదు. మీకు రెండో విడత కూడా ఉంది కదా! కొంచెం వదులుగా తిరిగి మళ్లీ బిగుసుకుంటారు, మళ్లీ పానాలెత్తాలి, మళ్లీ టక్కు, అప్పుడుగానీ కాలెట్టు స్పిండిల్ లోపలి వాలులోంచి పైకి రాదు. కాలెట్టును బయటికి లాగడానికే మిమ్మల్ని అలా చేశారట. మొదట్లో నాకీ సంగతి తెలియక, బిట్టు ఇరుక్కుపోయిందనుకుని ప్లయర్‌తో పీకి మంచి బిట్టు షాంకు (కాడ) మీద గీతలు పెట్టాను. ఒక సంతకం అయింది, రెండో సంతకానికి పక్క గదిలోకి వెళ్లండి అన్నట్టుంటుంది మీ వ్యవహారం.

పట్టుతోపాటు పట్టింపులూ ఎక్కువే. బిట్టు అడుగుదాకా తోస్తే మీకు పనికిరాదు. బిగించేటప్పుడు మీరు కాలెట్టును కిందికి నెడతారు, దాంతోపాటు బిట్టూ ఓ పిసరు దిగాలి, అడుగు తగిలి ఉంటే దిగే చోటుండదు, పట్టు సరిగ్గా కుదరదు. అందుకని రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించాలి. 6.35 మి.మీ. కాలెట్టులో 6 మి.మీ. షాంకు పెడతానంటే ఒప్పుకోరు, తేడా 0.35 మాత్రమే కదా అని బతిమాలినా వినరు. (వినకపోవడమే మంచిదిలెండి, జారి ఎగిరే బిట్టుకు ఎవరు అడ్డం పడతారు.) లోపల బిట్టు లేకుండా ఊరికే బిగిస్తే కాలెట్టును నలిపేస్తారు.

అందుకే విసుగెత్తి చక్ తెప్పించాను, అంటే మీకూ కాలెట్టుకూ బదులు బిట్టును పట్టుకునేది. మజిల్‌చక్, ఎలిమినేటర్ చక్ అంటూ వీటికి పహిల్వాన్ల పేర్లు పెడతారు, నాది ఏదో చెప్పనులెండి. మిమ్మల్ని కాలెట్టుతో సహా ఊడదీసి, ఆ మరల మీదే దాన్ని కూర్చోబెట్టాను. పక్కన ఒకే ఒక్క స్క్రూ. టేబుల్ పైనుంచే అలెన్ కీ దూర్చి కాస్త తిప్పితే బిట్టు చేతికొచ్చేస్తుంది. మొదటిరోజు పనేమీ లేకపోయినా తొమ్మిదిసార్లు మార్చాను, అంచు గుండ్రంగా చెక్కే రౌండోవర్ బిట్టు తీసి తిన్నగా కోసే స్ట్రెయిట్, స్ట్రెయిట్ తీసి మళ్లీ రౌండోవర్, ఇంట్లోవాళ్లు ఈయనకేమైంది అనుకునేంతగా. కొత్త ఒక వింత.

పాత ఒక రోత అనడానికి మాత్రం నోరు రావడం లేదు. కొత్తవారు మీకంటే పొడుగు, బిట్టు పైకి తేలిపోతుంది, దానికి తగ్గట్టు మోటారును ఇంకా కిందికి దించాలి, నా లిఫ్టేమో అంత దిగనని మొరాయిస్తోంది. నేరుగా పట్టేది అర అంగుళం షాంకునే. పావు అంగుళానికి స్లీవ్ తొడగాలి, ఆ స్లీవ్ పొట్టులో పడిందంటే ఇక మోకాళ్ల మీద వెతుకులాటే. పోనీ చేతి రూటర్‌కి తగిలిద్దామంటే అంత పొడుగుది అక్కడ పెట్టకూడదు, టేబుల్‌కే పరిమితం.

ఇవన్నీ సర్దుకోవచ్చు. మొన్నటిది వేరు. బిట్టు మార్చి, ఫెన్స్ (చెక్కను ఆనించే అడ్డుపట్టీ) సర్ది, స్విచ్ మీద వేలు పెట్టాక చూశాను, అలెన్ కీ ఇంకా చక్‌లోనే ఉంది. ప్లగ్ కూడా పీకకుండానే మార్చానన్నమాట. మీ హయాంలో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు, ఎందుకంటే మీ పానాలు జానెడేసి పొడుగు, మరిచిపోదామన్నా కంటికి అడ్డంపడతాయి, పైగా మీతో కుస్తీ అంటే ముందు ప్లగ్ పీకి, చొక్కా చేతులు మడిచి దిగేవాణ్ణి. పది సెకన్ల పనికి ప్లగ్ ఎందుకులే అనిపించడం ఈ చక్ వచ్చాకే. అందుకని ఆ కీని పొట్టి తాడుతో ప్లగ్‌కే కట్టేశాను, ప్లగ్ పీకి తెస్తేగానీ కీ చక్ దాకా రాదు.

ఇదంతా విని మళ్లీ పిలుస్తానేమోనని ఆశపడకండి. నూనె రాసి డ్రాయర్‌లో పెట్టాను, అక్కడే ఉండండి.

ఇట్లు,
మీ బాధితుడు

తా.క.: చేతి రూటర్‌లో మీ తమ్ముడుగారు పావు అంగుళం బిట్టును వదలడం లేదు. మొదటి టక్కు అయింది, రెండోదానికి పెద్ద పానా కనబడటం లేదు. మీ పక్కన గానీ ఉందేమో కాస్త చూసి చెప్పండి.