డియోడరెంట్ డబ్బా జోకట!

మా ఫ్రెండ్ కూతురు ఇక్కడే న్యూజెర్సీలో హైస్కూల్ చదువుతోంది. కొన్నాళ్ళుగా పొద్దున్నే ఇంట్లో పోపు పెడితే చాలు, పిల్ల గొంతు చించుకుంటోందట. జాకెట్‌ని హాల్లో తగిలించనివ్వదు. పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి కారు డిక్కీలో దాచుకుంటోంది. టీనేజ్ విసుగులే అనుకున్నారు అమ్మానాన్నా. అసలు సంగతి ఎవరో పంపిన స్నాప్‌చాట్ వీడియోలో బయటపడింది. ఇండియన్లు కంపు కొడతారన్న వెక్కిరింతగా క్లాసులో ఆ పిల్ల డెస్క్ మీద డియోడరెంట్ డబ్బా పెట్టారు. తను లోపలికొచ్చి దాన్ని చూసే క్షణం కోసం ముందే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వెనక నుంచి ఎవడో తల ఊపుతూ కాల్‌సెంటర్ యాస మొదలెట్టాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

స్కూల్‌కి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన జవాబు: "పిల్లలు కదండీ, జోక్ చేశారు."

ఆ స్కూల్‌ని తర్వాత తిడదాం. అసలు ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఇంట్లో ఎందుకు చెప్పలేదు? చెప్తే మనం ఏమంటామో వాళ్ళకి బాగా తెలుసు కాబట్టి. "ముందు నువ్వేం చేశావో చెప్పు." "పట్టించుకోకు, నీ చదువు నువ్వు చూసుకో." ఇంకా గట్టిగా అడిగితే "నాన్న హెచ్1బీ మీద ఉన్నారు, మనకెందుకు గొడవలు." ఫోన్ బిల్లులో పది డాలర్లు ఎక్కువ పడితే సూపర్‌వైజర్‌ని లైన్లోకి పిలిపించేదాకా వదలని మనమే, పిల్ల విషయానికొచ్చేసరికి పరాయి దేశం అంటూ సర్దుకుపోతాం. స్కూల్లో కంప్లైంట్ ఇస్తే వీసా పోయే రూలేదీ లేదు మహాప్రభో! గ్రీన్‌కార్డు లేనివాళ్ళని సరే, అసలు ఏ కాగితాలూ లేని పిల్లల్ని కూడా పబ్లిక్ స్కూల్ కాదనకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకైతే చేతిలో మంచి ఆయుధమే ఉంది, వాడటమే తక్కువ. 2011 జనవరిలో వచ్చిన యాంటీ బుల్లీయింగ్ చట్టం. అది ఆపమనే వేధింపు, బెదిరింపు, బుల్లీయింగ్ (హెరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్) మూడింటినీ కలిపి ఇక్కడ అందరూ హెచ్ఐబీ అంటారు. విషయం ప్రిన్సిపాల్ చెవిన పడ్డాక ఒక్క స్కూల్ రోజులో విచారణ మొదలవ్వాలి. రాతపూర్వక రిపోర్ట్ అందాక పది స్కూల్ రోజుల్లో ముగియాలి. ప్రతి స్కూల్లో దీనికోసమే ఒక స్పెషలిస్ట్ ఉంటారు. తేల్చింది నచ్చకపోతే స్కూల్ బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. ఫిర్యాదు రాసివ్వడానికి 338 నంబర్ ఫామ్ కూడా ఉంది, నింపి ఇవ్వడమే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "మా అమ్మాయిని ఏడిపిస్తున్నారు" అని రాస్తే సరిపోదు. అలా రాస్తే మామూలు క్రమశిక్షణ కేసు కింద చుట్టేసి, ఆ పిల్లాడి చేత సారీ చెప్పించి పంపేస్తారు. జాతిని బట్టి, రంగును బట్టి, పుట్టుపూర్వోత్తరాలను బట్టి చేశారు అన్న ముక్క మీ మెయిల్లో ఉండాలి. వాడు ఏ మాట అన్నాడు, ఏ రోజు, ఏ పీరియడ్, ఎవరు చూశారు, అన్నీ రాయండి. వీడియో ఉంటే సేవ్ చేసుకోండి, స్నాప్‌చాట్‌లో అది రేపటికి ఉండదు. ఫోన్లో మాట్లాడినా సరే, "ఇందాక మనం అనుకున్నది ఇదీ" అని ఆ సాయంత్రమే మెయిల్ కొట్టండి. కాగితం మీద లేనిది స్కూల్ దృష్టిలో జరగనట్టే.

అంత జాగ్రత్త ఎందుకంటారా? 2022 మేలో టెక్సస్ కొపెల్‌లో జరిగింది మర్చిపోయారా? మిడిల్ స్కూల్లో లంచ్ దగ్గర సీటు ఇవ్వనన్నందుకు మన ఇండియన్ పిల్లాడి మెడ చుట్టూ చెయ్యేసి బిగించాడు ఇంకో కుర్రాడు. అంతా వీడియోలో ఉంది. శిక్షలు ఎలా పడ్డాయో తెలుసుగా: మెడ పిసికినవాడికి ఒక రోజు సస్పెన్షన్, పిసికించుకున్నవాడికి మూడు రోజులు. మన వాట్సాప్ గ్రూపులన్నీ ఓ వారం ఊగిపోయాయి. ఆ తర్వాత మళ్ళీ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లే.

యూటాలో డేవిస్ స్కూల్ డిస్ట్రిక్ట్ (అంటే అక్కడి పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) కథ ఇంకా ఘోరం. నల్లజాతి పిల్లల్ని కోతులనీ, చర్మం మలంలా ఉందనీ ఏళ్ళ తరబడి ఏడిపించారు. వందల ఫిర్యాదులొచ్చినా డిస్ట్రిక్ట్ కదల్లేదని 2021 అక్టోబర్‌లో అమెరికా న్యాయశాఖ తేల్చింది. ఏషియన్ పిల్లలకీ అక్కడ అదే గతి. చెప్పుకోవడానికి వెళ్ళిన పిల్లలకి సిబ్బందిలో కొందరు ఇచ్చిన సలహా, అంత సెన్సిటివ్‌గా ఉండొద్దని! ఊరేదైనా ఇదే పాట అన్నమాట. పైవాళ్ళకి చెప్దామంటే అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి ఉన్న 12 ప్రాంతీయ ఆఫీసుల్లో 7 మూసేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించారు. కాబట్టి మీ డిస్ట్రిక్ట్‌లో మీరు పెట్టే కాగితానికే ఇప్పుడు విలువ ఎక్కువ.

ఇప్పుడు చేదు ముక్క. తిట్టుకుంటే తిట్టుకోండి.

పిల్లలు మనకి చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. కారు వెనక సీట్లో కూర్చుని వాళ్ళు మన మాటలన్నీ వింటూనే పెరిగారు. "ఆ ఏరియా వద్దు, కల్లూగాళ్ళు ఎక్కువ." "పక్కింట్లోకి చింకీలు దిగారు." ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ మొదటిరోజే మనవరాలి బుగ్గ పట్టుకుని "ఏంటే, ఇంత నల్లబడిపోయావ్" అంటుంది, మనం నవ్వేస్తాం. మనుషుల్ని రంగు చూసి వరసలో నిలబెట్టే ఇంటికొచ్చి, స్కూల్లో నన్ను ఆ వరసలో ఎక్కడ నిలబెట్టారో తెలుసా అని ఏ పిల్ల చెప్పుకుంటుంది?

మన పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తొమ్మిదో క్లాసులో వచ్చి చేరిన పిల్లాణ్ణి అడగండి. "ఫాబ్" (ఫ్రెష్ ఆఫ్ ద బోట్, అంటే ఇప్పుడే ఓడ దిగినవాడు) అని మొదట వెక్కిరించింది తెల్లపిల్లలు కాదు, ఇక్కడే పుట్టిన మనవాళ్ళే. వాడి పక్కన కూర్చుంటే తమనీ వాడితో కలిపేస్తారని భయం. ఆ భయం ఎక్కడిదో నాకు అర్థమవుతుంది, జాలీ వేస్తుంది. కానీ నా దృష్టిలో అదీ బుల్లీయింగే, దానికీ కంప్లైంట్ పడాల్సిందే, ఆ వెక్కిరించినవాడు ఆదివారం మనబడి తెలుగు క్లాసులో మీవాడి పక్కన కూర్చునేవాడైనా సరే.

"అంత కష్టంగా ఉంటే ఇండియాకి వచ్చేయండి" అని కామెంట్ టైప్ చేస్తున్న అన్నయ్యలూ, కాస్త ఆగండి. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నీడో తానియాని జుట్టు చూసి వెక్కిరించారు. ఆ గొడవలో కొట్టిన దెబ్బలకి మర్నాటికల్లా ఆ కుర్రాడు చనిపోయాడు. అది మన దేశ రాజధాని.

మా ఫ్రెండ్ వాళ్ళు చివరికి ఫామ్ ఇచ్చారు, వీడియో జతచేసి. విచారణ నడుస్తోంది. మీకూ అవసరమైతే మెయిల్ ఎలా రాయాలో ఇన్‌బాక్స్‌లో అడగండి, డ్రాఫ్ట్ పంపిస్తాను. అర్ధరాత్రైనా పర్లేదు. "స్కూల్ రేటింగ్ పడిపోయి మా ఇంటి రేటు తగ్గుతుందేమో" అని మాత్రం అడక్కండి. నిన్న ఒకాయన అడిగాడు, బ్లాక్ చేశాను.