సోడియం దీపాన్ని ఏ వాలులో బిగించినా ఒకటే కాదు
సోడియం ఆవిరితో పసుపుగా వెలిగే అల్పపీడన సోడియం వీధి దీపాన్ని మామూలు బల్బులా ఏ దిశలోనైనా బిగించవచ్చని, వెలుగులో తేడా ఉండదని ఈ దీపాల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. 18, 35, 55 వాట్ల చిన్న దీపాల వరకు అందులో కొంత నిజముంది. వాటిని మూతి (హోల్డర్‌లో బిగించే కొస) పైకి ఉండేలా నిలువుగా వేలాడదీసినా, అడ్డంగా పెట్టినా, మూతిని అడ్డం నుంచి కాస్త కిందికి వంచినా తయారీదారులు అనుమతించారు. కానీ 90, 135, 180 వాట్ల పొడవాటి దీపాలు అడ్డంగానే ఉండాలి, అటూ ఇటూ 20 డిగ్రీలకు మించి వాలకూడదు. సోడియం 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, వెలుగుతున్న దీపంలో సోడియం ఉండే గాజు గొట్టం గోడ దాదాపు 260 డిగ్రీల వేడిలో ఉంటుంది కనుక, లోపలి లోహం ద్రవంగా మారి వాలు ఎటుంటే అటు జారుతుంది. దాన్ని గొట్టం పొడవునా సమానంగా నిలిపి ఉంచడానికే గాజులో చిన్న చిన్న గుంటలు చేసేవారు. వంపు ఎక్కువైతే ఆ గుంటలూ ఆపలేవు. అప్పుడు సోడియం కరువైన భాగంలో దీపం వెలగడం మొదలవడానికి నింపిన నియాన్ వాయువు ఎర్రదనమే మిగులుతుంది, కాంతి తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో మేముండే వీధిలో వంగిపోయిన స్తంభం మీది దీపం ఒక కొసన రాత్రంతా అలా ఎర్రగానే వెలగడం నేను చూశాను. వెలిగించిన తొలి పది నిమిషాల ఎరుపు సహజమే, ఆ తరువాత కూడా ఎరుపు పోకపోతే మాత్రం బల్బు మార్చే ముందు అది ఎంత వాలి ఉందో కొలిచి చూడాలి. మూతి బాగా కిందికి ఉన్నప్పుడు ద్రవ సోడియం మూతి దగ్గరుండే ఎలక్ట్రోడ్ల (గొట్టంలోకి కరెంటు పంపే కొసల) వైపు చేరడం ఇంకా పెద్ద ప్రమాదం, దాని ప్రస్తావనే వ్యాసంలో లేకపోవడం నాకు బాధ కలిగించింది.