మహారాజశ్రీ మిల్లీగ్రాముల కాటా గారికి

టంగుటూరు

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని తెలుసు. పొద్దున మూత తీసి చూశాను, బ్యాటరీ అయిపోయి నిమ్మళంగా నిద్రపోతున్నారు. నా క్షేమం సంగతి చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

తమరు మా ఇంట అడుగుపెట్టి రెండేళ్లు. అరచేతిలో పట్టేంత ఆకారం, 20 గ్రాములు దాటితే మోయలేని ఒళ్లు, అయినా వచ్చిన్నాటి నుంచీ ఇంట్లో తమరి మాటే చెల్లుబాటు. తమరి కోసం మేం ఫ్యాను ఆపేస్తాం. అదీ రోహిణీ కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, కిటికీ సందుల్లో పాత పంచె కుక్కి మరీ. ఫ్యాను గాలికి తమరి మూడో దశాంశం ఊగుతుందట. రైఫిల్ పట్టుకున్నాక నేనెంత ఊగుతానో మాత్రం తమరు ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఈ ఉత్తరం పక్కనుంచి తొంగిచూసేవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. నాది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పిచ్చి. మా పాత పొగాకు గోడౌనులో ఈ గోడ నుంచి ఆ గోడకి 12 మీటర్లు వస్తుంది, అదే మన రేంజి. బోరు 0.177 అంగుళం, శక్తి 20 జూల్స్ దాటకపోతే ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. నాది ఎనిమిది జూల్సు కూడా ఉండదు. అందులో పెట్టేది నడుం సన్నగా ఉండే సీసం పెల్లెట్, మా ఇంట్లో భాషలో గుండు. 4.5 మిల్లీమీటర్ల మందం, 0.53 గ్రాముల బరువు, డబ్బాకి 500. ఎదురుగా అట్టకార్డు. అందులో పది అనే చుక్క అర మిల్లీమీటరు. 60 గుళ్లు, 600 మార్కులు. ఆటంటే ఇంతే. ఇంత చిన్న ఆటలోకి మీరెట్టా దూరారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గుళ్లన్నీ ఒకే బరువుంటే అన్నీ ఒకేచోట పడతాయని నా ఆశ. అందుకే రాత్రి అన్నాలయ్యాక తూకం మొదలు. ముందు 10 గ్రాముల తూకపు రాయి పెట్టి తమర్ని శాంతపరచాలి. తర్వాత ట్వీజర్‌తో ఒక్కో గుండు నడుం పట్టుకుని పళ్లెంలోకి దించాలి. 0.529. కాసేపాగి 0.530. మళ్లీ 0.529. తమరు మనసు కుదుర్చుకునేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ట్రిగ్గరు మీద వేలు పెట్టినప్పుడు ఎన్నడూ అంతసేపు బిగబట్టింది లేదు. 529 వాళ్లు ఒక గుంటలో, 530 వాళ్లు ఇంకో గుంటలో, 531 పైవాళ్లు వేరే పంక్తిలో. గుంటలంటే నిజంగా గుంటలే. అమ్మ పారేసిన పొంగణాల పెనం. వేళ్లు సీసంతో బూడిదరంగుకి తిరిగితే అమ్మ సబ్బుతో రెండుసార్లు కడిగించి గానీ మంచినీళ్ల చెంబు ముట్టనివ్వదు. ఒక గురువారం రాత్రి పిల్లి ఆ పెనం మీదికి దూకి వర్ణసంకరం చేసేసింది. 300 గుళ్లు. మళ్లీ మొదట్నుంచీ తూచాను. నిజం చెప్పాలంటే, పిల్లి మీద కోపం కూడా రాలేదు. ఆదివారం ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి సాకు దొరికింది గదా!

గుండుకి 20 సెకన్లు వేసుకున్నా డబ్బాకి మూడు గంటలు. పోయిన నెల తూచినవి 1500. కాల్చినవి 120.

నేనొక్కణ్ణే అయితే సిగ్గుపడేవాణ్ణి. టెక్సాస్‌లో మా బావ ఉన్నాడు, ఆయనది నాకన్నా పెద్ద సంసారం. అక్కడ నిజం తూటాలే ఇంట్లో కట్టుకుంటారు. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, మొక్కజొన్న బెండు రవ్వలో గంటలకొద్దీ దొర్లించి తళతళలాడించి, సైజుకి నొక్కి, మందుని అంటించే బుల్లి ప్రైమరు కొత్తది కూర్చి, తుపాకీమందు తూచి పోసి, బుల్లెట్ బిగిస్తారు. మందు తూకం గ్రెయిన్లలో. పౌండుకి 7000 గ్రెయిన్లు, మా బావ అందులో ఒక గ్రెయిన్‌కి పదోవంతు దగ్గర పోట్లాడతాడు. మన దగ్గర ఆ యోగం లేదు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే లోపలేస్తారు. అందుకని చట్టానికి లోబడిన పౌరుణ్ణిగా, ఎవరో తయారుచేసిన గుళ్లని మళ్లీ మళ్లీ తూస్తుంటా.

మొన్న వీడియో కాల్‌లో బావ గరాజ్ చూపించాడు. అరల్లో డబ్బాలు, డబ్బాల మీద చీటీలు, చీటీల మీద తేదీలు. మా ఊరి కిరాణా కొట్టుకి కూడా అంత పద్ధతి లేదు.

"ఎన్ని కట్టావు బావా?"

"మూడువేల పైమాటే అబ్బయా."

"రేంజికి ఎప్పుడెళ్లావు?"

"హలో? హలో? లైను సరిగ్గా రావట్లేదు. నువ్వెప్పుడెళ్లావు?"

అక్కడితో నా లైను కూడా తెగిపోయింది.

ఇక లెక్క సంగతి. పోయిన గురువారం తమరి బ్యాటరీ చచ్చిపోయింది. చేతులు ఊరుకోక కాగితం తీసుకున్నాను. గుండు వేగం సెకనుకి 170 మీటర్ల పైచిలుకు. 10 మీటర్లు దాటేలోపు భూమి దాన్ని 16, 17 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. బరువు నూటికి ఒకవంతు, అంటే 5 మిల్లీగ్రాములు, పెరిగితే వేగం కాస్త తగ్గి ఇంకో 0.17 మిల్లీమీటరు కిందికి జారుతుంది. కార్డు మీద వలయానికీ వలయానికీ మధ్య 2.5 మిల్లీమీటర్లు. పైగా మనం రెండేళ్లుగా కొట్టుకుచస్తున్నది 5 మిల్లీగ్రాముల కోసం కూడా కాదు, ఒకటీ రెండింటి కోసం.

అదే ఊపులో పాత కార్డులు తీశాను. ఎడమవైపు కింద ఒక ఏడు. ఏడు పడిందంటే నడిమి చుక్కకి ఏడున్నర మిల్లీమీటర్లకు పైగా పక్కకి పోయిందన్నమాట. ఆ నేరం సీసం మీదికి తోసెయ్యాలంటే ఆ గుండు మామూలు బరువుకి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఉన్నా కిందికి పోవాలిగానీ ఎడమకి ఎందుకు పోతుంది? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అమ్మ చూస్తే ఫ్యాను ఆపిన రాత్రులన్నిటికీ లెక్క అడుగుతుంది.

పెద్ద ఆటగాళ్లు గుళ్లు ఎంచుకునే పద్ధతి విన్నాక మాత్రం రెండు రోజులు తమరి మొహం చూడలేకపోయాను. రైఫిల్‌ని కదలకుండా పట్టుకునే ఇనప దవడలో, అదే వైసులో, బిగిస్తారు. ఒక్కో లాటు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, నుంచి కొన్ని గుళ్లు కాల్చి చూస్తారు. ఏ లాటు ఒకే చిల్లులో గుంపుగా పడితే అదే డబ్బాలకు డబ్బాలు కొనేస్తారు. అంటే పరీక్ష కూడా కాల్చడమే! 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో (ఫైనల్లో పదిని కూడా దశాంశాలుగా చీల్చి మార్కులేస్తారు) అభినవ్ బింద్రా ఆఖరి గుండుకి 10.8 కొట్టి బంగారం తెచ్చాడు. అంతకు ముందు గుండు దాకా ఫిన్లండ్ ఆటగాడు హక్కినెన్ ఆయనతో సమానంగా ఉన్నాడు, ఆఖరిదానికి 9.7 కొట్టాడు. ఆ 9.7 గుండు బరువెంత అని ఎవరైనా అడిగారా? నేను అడిగాను, మనసులో. అదీ నా స్థితి. ఆ తర్వాత వైసు ఎంతకొస్తుందో ఒంగోలులో వాకబు చేయడం వేరే కథ.

1928లో, సైమన్ కమిషన్ గొడవల్లో, బ్రిటిష్ వాళ్ల తుపాకీకి ఎదురెళ్లి రొమ్ము చూపించిన పెద్దాయన పేరు పెట్టుకున్న జిల్లా మాది. తుపాకీ నా చేతిలో ఉండి, ఎదురుగా ఉన్నది అట్టముక్కై, దానికి భయపడి ఇంట్లో కూర్చున్నవాణ్ణి మాత్రం నేనే.

మా నాయనమ్మ ఒక రాత్రి వచ్చి పెనం వైపు చూసింది. ఆవిడ ఈ గోడౌనులోనే నలభై ఏళ్లు పొగాకు గ్రేడు చేసిన మనిషి. ఆకు వెలుతురుకి పెట్టి, రంగు చూసి, మచ్చ చూసి, చేత్తో సాగదీసి, కన్ను మూసి తెరిచేలోపు ఏ కుప్పలోకి వెయ్యాలో తేల్చేసేది. తమరికి బ్యాటరీ కావాలి, ఆవిడకి అదీ అక్కర్లేదు.

"ఏందిరా అబ్బయా ఇది?"

"గ్రేడింగు నాయనమ్మా."

"ఓహో. వేలం ఎప్పుడు?"

నేను తలెత్తలేదు. మా వాళ్లు బేళ్లు కట్టి ట్రాక్టరు మీద వేలం కేంద్రానికి తోలేవాళ్లు. బయ్యర్లు ఆకు పీకి చూసి ఒక్కోసారి పెదవి విరిచేవాళ్లు. నో బిడ్. సాయంత్రానికి అదే బేలు అదే ట్రాక్టరు మీద వాకిట్లోకి తిరిగొచ్చేది, ఊరంతా చూస్తుండగా. తాతయ్య ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు. మర్నాడు విప్పించి మళ్లీ కట్టించేవాడు. నా బేళ్లు రెండేళ్లుగా పొంగణాల పెనం దాటి కదల్లేదు.

మొన్న ఆదివారం తమరు నిద్రలో ఉన్నారు గనుక ధైర్యం చేశాను. కొత్త డబ్బా మూత తీసి, తూచకుండా, ఏరకుండా, చేతికి ఏది తగిలితే అది పెట్టి 60 కాల్చాను. 548 వచ్చింది. తూచిన గుళ్లతో అంతకుముందు వచ్చింది 546. ఆ మధ్యాహ్నం చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను. ఇక తమరికి విడాకుల కాగితం రాద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రాస్తుంటే ఒక అనుమానం. రెండు మార్కులు గాలివాటంగా రావచ్చు గదా? ఖాయంగా తేలాలంటే తూచినవి 60, తూచనివి 60, మార్చి మార్చి కాల్చాలి. దానికి ముందు ఆ 60 తూచాలి. మధ్యలో తేడా రాకుండా 529 వాళ్లే అయితే ఇంకా మంచిది.

తమరి కోసం తెచ్చిన కొత్త బ్యాటరీలు వెతికితే టీవీ రిమోట్‌లో కనిపించాయి. నాయనమ్మని అడిగాను. సీరియల్ అయ్యేదాకా ఆగమంది.

తొమ్మిదింటికి అయిపోతుంది. ఫ్యాను ఆపే ఉంచాను.

ఇట్లు,
తమ విధేయుడు