మేలట్టూరుకు తిథి చూసి టికెట్టు కొనండి

ఇండియా ప్రయాణం అనగానే అమెరికాలోని మన తెలుగు ఇళ్ళలో లెక్కలు ఒకే తీరుగా మొదలవుతాయి. పిల్లల బడికి సెలవులెప్పుడు, టికెట్టు ఏ వారంలో చవక, చుట్టాల పెళ్ళిళ్ళేమున్నాయి. తిరుపతి, బట్టల కొట్టు, పళ్ళ డాక్టరు పోగా మిగిలిన రెండు రోజుల్లో దగ్గరలో ఏముంటే అది చూసి వస్తాం. ఈ లెక్క వేసుకున్నంత కాలం తంజావూరు పక్కనున్న మేలట్టూరు మన దారిలోకి రాదు. ఆ ఊరు అందరికంటే ముందు మనం చూడాల్సిన ఊరు.

ఏటా వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే నరసింహ జయంతి రాత్రి, అక్కడి వరదరాజ పెరుమాళ్ గుడి ముందు వీధిలో పందిరి వేసి ప్రహ్లాద చరిత్రం ఆడతారు. భాగవత మేళా అనే నాట్య నాటక సంప్రదాయం ఇది. నాటకమంతా తెలుగులోనే. రాత్రి మొదలైతే తెల్లవారే దాకా సాగుతుంది. 2025లో ఆ తిథి మే 11, 2026లో ఏప్రిల్ 30. కొన్నేళ్ళు మే నాలుగో వారం దాకా జరుగుతుంది. అమెరికాలో చాలా బళ్ళకు అప్పటికింకా సెలవులివ్వరు. అయినా సరే, పిల్లల్ని వారం రోజులు బడి మాన్పించి తీసుకెళ్ళదగ్గ ప్రయాణం ఇదని మా గట్టి నమ్మకం.

ఎందుకంటే మేలట్టూరు కూడా వలస వచ్చినవాళ్ళ ఊరే. తంజావూరు 1532 నుంచి తెలుగు నాయక రాజుల చేతిలో ఉంది. వాళ్ళ వెంట కవులు, పండితులు, ఆట పాట తెలిసినవాళ్ళు కావేరి ఒడ్డుకు చేరారు. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు ఇల్లూ బావీ పొలమూ ఇచ్చి ఇక్కడ నిలిపాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అందుకే ఊరికి అచ్యుతాబ్ధి అనే పేరూ ఉంది. 18వ శతాబ్దంలో ఈ ఊరివాడే మేలట్టూరు వెంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం, హరిశ్చంద్ర, మార్కండేయ వంటి నాటకాలు రాశాడు. రాజులు పోయారు, మరాఠాలొచ్చారు, ఇంగ్లీషువాళ్ళొచ్చారు. ఇళ్ళలో మాట తమిళమైపోయింది. నాటకం మాత్రం తెలుగులోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆడేవాళ్ళలో చాలామందికి ఇంటిభాష తమిళం. తెలుగు పద్యాలూ, దరువులనే నాటకం పాటలూ తమిళ అక్షరాల్లో రాసుకుని నేరుస్తారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఉన్నది ఒకటే అక్షరం. అందుకే తమిళంలో అచ్చయ్యే త్యాగరాజ కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు, ఏ ధ్వని పలకాలో తెలియడానికి. మన పిల్లలు అదే కీర్తనను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, దీర్ఘం ఉన్నచోట రెండు ఏలు పెట్టుకుంటారు. రెండూ ఒకే అవసరంలోంచి పుట్టిన ఉపాయాలు. వలస వెళ్ళిన భాష నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఎలా ఉంటుందన్న ప్రశ్నకు కళ్ళెదుటి సమాధానం మేలట్టూరులో దొరుకుతుంది. దాన్ని వినడానికి వెళ్ళి "ఉచ్చారణ సరిగా లేదండీ" అని పెదవి విరిచేవాళ్ళు దయచేసి ఇంట్లోనే ఉండండి.

ఇక ప్రయాణం సంగతి. తిరుచిరాపల్లి విమానాశ్రయం నుంచి తంజావూరు సుమారు 60 కిలోమీటర్లు. చెన్నై ఎగ్మూరు నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. మేలట్టూరు తంజావూరుకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. తంజావూరులో గానీ కుంభకోణంలో గానీ బస పెట్టుకోండి. జయంతికి కనీసం మూడు రోజుల ముందు చేరుకోవాలి. విమానం దిగిన మర్నాడే రాత్రంతా కూర్చోవాలంటే పదకొండింటికే తల వాలిపోతుంది. చాలామంది ప్రయాణం చెడేది అక్కడే. రెండో పొరపాటు నవగ్రహ క్షేత్రాలను ఇందులో కలిపేయడం. అక్కడి ట్రావెల్స్‌వాళ్ళు రెండు రోజుల్లో తొమ్మిది గుళ్ళు చూపిస్తామంటారు. ఆ తొమ్మిదీ తిరిగి వచ్చిన ఒళ్ళు పదో రోజు కూడా నాటకానికి పనికిరాదు.

ముందు చేరుకున్న ఆ రోజుల్లో చూడాల్సింది కొంచెమే, తీరిగ్గా చూడాలి. మొదటిది పెద్దగుడి, అంటే తంజావూరు బృహదీశ్వరాలయం, తెల్లవారగానే. మే నెల తంజావూరులో తొమ్మిది దాటితే రాతి నేల మీద చెప్పుల్లేని కాలు నిలవదు. సాక్సులు వెంట ఉంచుకోండి. మొదటి రాజరాజచోళుడు కట్టించిన ఈ గుడి 1010లో పూర్తయింది. అందరూ గర్భగుడి మీది విమానగోపురం ఎత్తు చూసి, నందితో ఫోటో దిగి వెళ్ళిపోతారు. నాటకం కోసం వచ్చినవాళ్ళు చూడాల్సింది గోడల మీది రాత. ఉత్తరపు ప్రాకారం బయటి వైపు ఒక పొడవాటి తమిళ శాసనం ఉంది. ఇతర గుళ్ళ నుంచి ఇక్కడికి రప్పించిన 400 మంది నర్తకీమణుల జాబితా అది. ఒక్కొక్కరి పేరు, ఏ ఊరి ఏ గుడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఆమెది, అన్నీ చెక్కి పెట్టారు. ఒక్కొక్కరికి ఒక వాటా. వాటాకు ఏడాదికి 100 కలముల (కలము పాతకాలపు కొలత) ధాన్యం. ఆ కింద నాట్యం నేర్పే నట్టువనార్లు, పాడేవాళ్ళు, వీణ, మద్దెల వాయించేవాళ్ళు, దర్జీలు, లెక్కలు రాసేవాళ్ళ వాటాలు. వెయ్యేళ్ళ కిందటి నాటక సంస్థ జీతాల పట్టీ అన్నమాట. పాత తమిళ లిపి చదవగల గైడును ముందే మాట్లాడుకుని, ఈ శాసనం దగ్గరికి తీసుకెళ్ళి పది పేర్లయినా చదివి వినిపించమనండి. గోడ ఊరికే చూసి వస్తే అది మీకు గీతలుగానే మిగులుతుంది.

గర్భగుడి పై అంతస్తులో, లోపలి గోడల చుట్టూ, నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 108 కరణాల్లో, అంటే నాట్య భంగిమల్లో, 81 శిల్పాలున్నాయి. మిగతా 27 రాళ్ళూ చెక్కకుండా ఖాళీగా వదిలేశారు. మామూలు సందర్శకులను అక్కడికి పోనివ్వరు. గైడు ఎంత ఆశపెట్టినా నమ్మకండి. కరణాలు కళ్ళారా చూడాలనుకుంటే చిదంబరం వెళ్ళండి. అక్కడి గోపుర ద్వారాల లోపలి గోడల మీద 108 వరుసగా కనిపిస్తాయి. కూచిపూడో భరతనాట్యమో నేర్చుకునే పిల్లలుంటే దానికి ఒక రోజు ఇవ్వొచ్చు.

పెద్దగుడి దగ్గర పిల్లలకు తప్పక చెప్పాల్సింది ఒకటుంది. ఈ గుడి కట్టించిన రాజరాజచోళుడి కూతురు కుందవ్వను వేంగి చాళుక్యరాజు విమలాదిత్యుడికిచ్చారు. వాళ్ళ కొడుకే రాజరాజనరేంద్రుడు. నన్నయ భారతం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. తాత గుడి ఇక్కడ, మనవడి కొలువు రాజమహేంద్రవరంలో. తంజావూరుతో మన చుట్టరికం నాయక రాజులకు అయిదు వందల ఏళ్ళ ముందే మొదలైంది.

రెండో రోజు కోట లోపల సరస్వతీ మహల్ గ్రంథాలయం. విజయరాఘవ నాయకుడి కాలపు యక్షగానాలు, ఆయన కొలువులోని రంగాజమ్మ రాసిన మన్నారుదాస విలాసం, తర్వాత మరాఠా రాజు శహాజీ తెలుగులో రాసిన పల్లకీ సేవా ప్రబంధం, ఇవన్నీ మనదాకా వచ్చింది తంజావూరు తాళపత్రాల పుణ్యమే. మాతృభాష మరాఠీ అయిన రాజు, తమిళనాడులో కూర్చుని, తెలుగులో నాటకం రాశాడు. ఈ ఒక్క మాట పదేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ రోజు ప్రయాణం సార్థకం. గ్రంథాలయంలో సందర్శకులకు చూపేది మ్యూజియం గది మాత్రమే. తాళపత్రాలు చూడాలంటే ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. వారంలో ఏ రోజు సెలవో వెళ్ళేముందు కనుక్కోండి. సాయంత్రం చల్లబడ్డాక తిరువయ్యారు, 13 కిలోమీటర్లు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. ఆయన కీర్తనలు అందరికీ తెలుసు. ప్రహ్లాద భక్తి విజయం, నౌకా చరిత్రం అనే తెలుగు సంగీత నాటకాలు రాశాడన్నది మాత్రం కొద్దిమందికే తెలుసు. మేలట్టూరు వెళ్ళేముందు ఈ సంగతి గుర్తుండటం మంచిది. తెలుగులో ప్రహ్లాదుడి కథను పాటల నాటకంగా మలిచే అలవాటు ఈ చుట్టుపక్కల గాలిలోనే ఉండేదని అర్థమవుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సిన పని కూడా ఉంది. బయల్దేరే ముందు నాలుగు ఆదివారాలు పోతన భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాదుడి కథ పిల్లలతో కలిసి చదవండి. మేలట్టూరు మాటలు పోతనవి కావు. కానీ ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో ముందే తెలిస్తే, కొత్త రాగంలో, తమిళ యాసలో వచ్చే మాట కూడా చెవికి అందుతుంది. ఇది చేయకుండా వెళ్ళినవాళ్ళు గంట తిరక్కుండా ఫోన్లు తీస్తారు. దరువు అంటే పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట అనీ, నాటకమంతటా కథను నడిపేది కూడా దరువులే అనీ చెప్పి ఉంచండి.

జయంతి రోజు మధ్యాహ్నం భోంచేసి అందరూ పడుకోవాలి. ఇది సలహా కాదు, నియమం అనుకోండి. కారు మాట్లాడుకునేటప్పుడు రాత్రంతా ఆగాలని ముందే చెప్పి బేరం తేల్చుకోండి. డ్రైవరు కారులో నిద్రపోయేలా చూడండి. తెల్లవారుజామున నిద్రలేని మనిషి చేతిలో స్టీరింగు పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. వెంట చాపలు, మంచినీళ్ళు, దోమల మందు, పల్చటి దుప్పటి, తడి గుడ్డ. టికెట్టు లేదు కాబట్టి కుర్చీ రిజర్వేషను కూడా లేదు. ఊళ్ళో భాగవత మేళా బృందాలు రెండున్నాయి, ఎవరి కార్యక్రమం వారిది. రెండు నెలల ముందే నిర్వాహకులకు రాసి, ఏ రాత్రి ఏ నాటకమో తెలుసుకోండి. జయంతి తర్వాతి రాత్రుల్లో మిగతా నాటకాలుంటాయి. వీలైతే వాటిలో ఒకటి కూడా చూడండి.

ఉత్సవమూర్తిని రంగస్థలానికి ఎదురుగా వేంచేపు చేస్తారు. నాటకం ముందుగా స్వామికి. మనం మధ్యలో కూర్చుని చూసేవాళ్ళం. కాబట్టి స్వామికీ వేదికకూ మధ్య నిలబడి వీడియో తీయకూడదు, ఫ్లాష్ అసలే వద్దు. ఆరంభంలో తోడయ మంగళం అనే స్తుతి పాడతారు. కోణంగి అనే హాస్యగాడు గెంతుకుంటూ వస్తాడు. వినాయకుడి ముసుగు వేసుకున్న చిన్నపిల్లవాడు వచ్చి ఆడి దీవిస్తాడు. ఆపైన ఒక్కొక్క పాత్రా తన దరువుతో ప్రవేశిస్తుంది. హిరణ్యకశిపుడి ప్రవేశానికే చాలాసేపు పడుతుంది. తొందరపడకండి. ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా వచ్చేదీ మగవాడే. స్త్రీ పాత్రలన్నీ మగవాళ్ళే కట్టడం ఇక్కడి సంప్రదాయం. అర్ధరాత్రి దాటాక సభ కొంచెం పలచబడుతుంది. మన కార్లు బయల్దేరేదీ అప్పుడే. అదే పెద్ద నష్టం. ఈ రాత్రి అంతా దేని కోసమో, అది తెల్లవారుజామున గానీ రాదు.

నరసింహుడి ముసుగు మిగతా రోజుల్లో గుడిలో పూజలందుకుంటుంది. దాన్ని ధరించే నటుడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. స్తంభం దగ్గరి ఘట్టం వచ్చేసరికి ఆయన ఒంటి మీద స్పృహ వేరుగా ఉంటుంది. ఊగిపోతున్న మనిషిని చుట్టూ నలుగురు పట్టుకుని ఆపుతుంటారు. ఎదురుగా హిరణ్యకశిపుడు దరువు ఆపకుండా సవాలు విసురుతుంటాడు. నిద్రమత్తులో ఉన్న జనం ఒక్కసారిగా లేచి చేతులు జోడిస్తారు. ఆ క్షణంలో అది నాటకమా పూజా అన్న తేడా అక్కడ ఎవరికీ ఉండదు. చిన్నపిల్లలు భయపడతారు, ముందే చెప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఆయనతో సెల్ఫీ మాత్రం అడగొద్దు.

మన తెలుగు సంఘాల కార్యవర్గాలకు ఒక విన్నపం. దీన్ని యాభై మంది బస్సు యాత్రగా మార్చకండి. పన్నెండు, పదిహేను మందికి మించితే పల్లె వీధిలో మనమే గుంపు అయిపోతాం, చూడాల్సినవాళ్ళకు అడ్డమవుతాం. మన వార్షిక సభల వేదిక మీద నలభై నిమిషాలకు కుదించి ఆడమని ఈ బృందాలను పిలిచే ముందు, కార్యవర్గంలో ఒకరైనా మొత్తం రాత్రి చూసి రావాలి. ఏది కోస్తే ప్రాణం పోతుందో అప్పుడు గానీ తెలియదు. సంఘం నిధుల్లోంచి ఏటా కొంత ఆ ఊరి ఉత్సవానికి పంపితే ఇంకా మంచిది. పందిరి, దీపాలు, వాద్యాలు, అన్నదానం, అన్నీ డబ్బుతోనే నడుస్తాయి.

సమయముంటే తిరుగు దారిలో విజయవాడలో దిగి కూచిపూడి వెళ్ళండి. మాచుపల్లె కైఫియతు అనే ఊరి చరిత్ర దాఖలాలో విజయనగర కొలువులో ఆడిన కూచిపూడి భాగవతుల ప్రస్తావన ఉంది. పక్కనే మువ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి గుడి. మేలట్టూరులో చూసిన ప్రవేశ దరువు ఇక్కడి భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి జడను తెర మీదుగా ఇవతలికి వేసి వచ్చే తీరులో మళ్ళీ పలకరిస్తుంది. ముందు మేలట్టూరు చూసి తర్వాత కూచిపూడి చూస్తేనే ఈ పోలిక తెలుస్తుంది. అందుకే ఆ వరుసలో వెళ్ళమంటున్నాం.

సంచి సర్దేటప్పుడు పిల్లల పాటల పుస్తకం, ఆ ఇంగ్లీషు అక్షరాలదే, మరిచిపోకుండా పెట్టండి. మర్నాడు ఎండెక్కక ముందు, నటుల్లో ఎవరైనా పెద్దాయన తీరిగ్గా అరుగు మీద కూర్చుని కనబడితే, నమస్కారం పెట్టి చూపించండి. వీలుంటే ఆయన తమిళ అక్షరాల నోటుపుస్తకం కూడా చూపించమని అడగండి. ఒకే దరువు పల్లవిని పిల్లవాడి పుస్తకంలో ఆయన అక్షరాల్లోనూ, కింద మన తెలుగు అక్షరాల్లోనూ రాయించుకుని తెచ్చుకోండి.